సాసరు కింద ముక్క

తాళాలమ్మకు ఎవరినీ ఓ పట్టాన నమ్మే అలవాటు లేదు. అందులో ఆవిడ తప్పు పెద్దగా లేదు, ఉద్యోగం అలాంటిది. పెద్ద ఆసుపత్రిలో దుప్పట్లు, దూది, సబ్బులు, థర్మామీటర్లు ఉండే స్టోర్సు గది ముందు బల్ల వేసుకుని, తాళాల గుత్తి ఒళ్ళో పెట్టుకుని వయసంతా గడిపిన మనిషి. రెండు దుప్పట్లు కావాలని వచ్చిన నర్సు మొహం చూసి, అందులో ఒకటి వార్డుకీ ఇంకోటి ఇంటికీ అని ఇట్టే చెప్పేసేది. ఎవరైనా నవ్వుతూ అడిగారంటే ఆవిడకు మరీ అనుమానం. రిటైరైన రోజున గుత్తి అప్పగించేసింది గానీ ఆ చూపు మాత్రం వెంట తెచ్చుకుంది. పేరు కూడా వెంటే వచ్చింది.

అలాంటావిడే ఆ ఏడాది ఆకులు రాలే కాలంలో ఒక దొంగతనం చేసింది.

దొంగతనం అంటే ఆవిడ ఒప్పుకోదు. "తీసి పక్కన పెట్టాను" అంటుంది. స్టోర్సులో పనిచేసినవాళ్ళకు ఆ రెంటికీ చాలా తేడా ఉంటుందట. సరే, ఆవిడ మాటే ఆవిడకు వదిలేద్దాం. జరిగింది మాత్రం ఇదీ.

ఎండాకాలమంతా పార్కు బెంచీల మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ గురించి మాట్లాడుకునే పెద్దవాళ్ళు, చలిగాలి మొదలై దారుల నిండా తడి ఆకులు పడ్డాక, కాలు జారితే తుంటి ఎముక విరుగుతుందన్న భయంతో లైబ్రరీ మేడమీది గదిలోకి చేరతారు. గోడవారగా హీటరు ఉంటుంది. ఒక మూల క్యారమ్ బల్ల. ఇంకో మూల ఊలు అల్లేవాళ్ళు. కిటికీ దగ్గర పాత పుస్తకాల మధ్య ఎర్రాకులు నొక్కి ఎండబెట్టి, అట్టల మీద అంటించి, మనవలకు పంపే కార్డులు చేసేవాళ్ళు. పాటల టీచరుగారు ఉత్సాహంగా ఉన్న రోజున అందరిచేతా పాడిస్తుంది, కింద చదువుకునేవాళ్ళు మెట్లెక్కి వచ్చి బతిమాలేదాకా. ఇవన్నీ ఒక ఎత్తు. మధ్యలో పొడుగు బల్ల మీద పజిల్ ఒక ఎత్తు.

పజిల్ అంటే పిల్లలు ఆడుకునేది కాదు. బల్లంత బొమ్మ, గోరంత ముక్కలు. ఏటా ఒకటి తెస్తారు. చలి ముదిరేలోగా పూర్తి చెయ్యాలి. ఆ గదిలో పాతకాలం నుంచీ ఒక పద్ధతి ఉంది. చివరి ముక్క ఎవరు పెడితే వాళ్ళు గోడకున్న ఇత్తడి గంట కొడతారు, వచ్చే ఏడాది బొమ్మ వాళ్ళే ఎంచుతారు. పోయినేడు ఆ గంట డ్రైవరుగారు కొట్టాడు. బస్సు నడిపినంత కాలం హారన్ కొట్టింది చాలక, ఆ ఒక్క గంట సంగతి ఏడాది పొడుగునా అందరికీ చెప్పి చెవులు తినేశాడు. బస్సు దిగినా టోపీ దిగని మనిషాయన. హీటరు పక్కన కూర్చుని చెమటలు కారుతున్నా నెత్తిమీద టోపీ తియ్యడు.

ఈ ఏటి బొమ్మలో చెరువు గట్టు, ఎర్రగా పచ్చగా మండిపోతున్న చెట్లు, వాటి మధ్య ఒక చిన్న చెక్క ఇల్లు. ఆ ఇంటికి ఓరగా తెరిచిన తలుపు, దీపం వెలుగుతున్న కిటికీ. ముక్కలు వేరుచేస్తున్నప్పుడే ఆ కిటికీ ముక్క తాళాలమ్మ చేతికొచ్చింది. గోరంత పసుపు వెలుగు. ఆవిడ అటూ ఇటూ చూసింది. కళ్ళజోడు పెట్టె తెరిచి, లోపలి గుడ్డ కింద దాన్ని దోపి, మూత నొక్కింది. ఆ పెట్టె మూత పడిన చప్పుడు గదంతా విన్నట్టు అనిపించి, కాసేపు దగ్గింది.

ఎందుకు చేసిందంటే, ఆయన వల్ల. ఆయనంటే ఆవిడ భర్త. సెలవురోజుల్లో తిండి బల్ల మీద పజిళ్ళు పరుచుకుని కూర్చునేవాడు. అంతా అయ్యాక, "ఏమేవ్, ఒక ముక్క పోయిందే, చూడు" అని పిలిచేవాడు. ఆవిడ బల్ల కిందా కుర్చీల కిందా వెతికేది. ఆయన కూడా అమాయకంగా మొహం పెట్టి తెగ వెతికేవాడు. చివరికి టీ తాగుదామని కప్పు తీస్తే సాసరు కింద ఉండేది ఆ ముక్క. "ఇదెక్కడిదబ్బా!" అని ఆశ్చర్యపోయేవాడు. ఊరందరి చేతివాటమూ పట్టేసే తాళాలమ్మ, ఇంట్లో ఆ ఒక్క దొంగ చేతిలో ప్రతిసారీ హాయిగా మోసపోయేది. చివరి ముక్క ఎప్పుడూ ఆవిడే పెట్టేది. ఆయన పోయి రెండో ఏడు నడుస్తోంది. ఇప్పుడు ఆవిడ సాసరు కింద ఎవరూ ఏమీ పెట్టరు. కనక తనకు తనే ఉంచుకుంది. అంతే.

ఆ గది తాళంచెవి కూడా ఆవిడ దగ్గరే ఉండేది. అంతకంటే నమ్మకస్తులు లేరని అందరూ కలిసి ఇచ్చారు మరి.

చెట్లన్నీ పూర్తయ్యాక గొడవ మొదలైంది.

"కిటికీ ముక్క కనబడట్లేదేం?" అంది పాటల టీచరు, సోడాబుడ్డి కళ్ళద్దాలు బల్లకు ఆనించి. "మొదట్లో నేను చూశానే."

"కింద పడుంటుంది. అందరూ లేవండి" అంది తాళాలమ్మ వెంటనే. లేపడమే కాదు, కార్పెట్ ఎత్తించింది, హీటరు వెనక పుల్లపెట్టి కెలికించింది. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరు చివర వెళ్ళారు, ఊడ్చిన చెత్త ఎక్కడ పోశారు అని ఒక్కొక్కరినీ నిలదీసింది. డ్రైవరుగారికే ముచ్చటేసింది. "తాళాలమ్మగారు పోలీసుల్లో ఉండాల్సింది" అన్నాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టె ఉన్న సంచిని చంకలో ఇంకాస్త బిగించి, "దొంగ ఎక్కడికి పోతాడు, దొరక్కపోడు" అంది. అంటున్నప్పుడు చెవులు వేడెక్కాయి గానీ నోరు మాత్రం తడబడలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. నాలుగు రోజుల తర్వాత ఇంటి గోడలు పూర్తవుతుండగా ఇంకో కంత బయటపడింది. తలుపు ముక్క లేదు.

కిటికీ ఎక్కడుందో తాళాలమ్మకు తెలుసు. మరి తలుపేదీ?

అప్పుడు చూడాలి ఆవిడ కోపం. తను తీసింది వేరు, ఇది వేరు. ఇది అచ్చమైన దొంగతనం! ఇంతమంది పెద్దమనుషుల మధ్య కూర్చుని, నవ్వుతూ, ఊలు అల్లుతూ, ఒకరు ముక్క కాజేశారంటే ఇంకెవరిని నమ్మాలి? నోరు విప్పి గట్టిగా అరుద్దామంటే కిటికీ సంగతి గొంతుకు అడ్డం పడింది. అందుకని నోరు మూసుకుని కళ్ళు తెరుచుకుంది.

మొదట డ్రైవరు మీద పోయింది అనుమానం. ఆ టోపీ ఎందుకు తియ్యడు? తర్వాత పాటల టీచరు మీద పోయింది. ఆవిడ ఊలు సంచిలో బస్సు పెట్టినా కనబడదు. పైగా చూపు సరిగా ఆనదని చెప్పుకునే మనిషి, ముక్క పోయిందని అందరికంటే ముందు ఎలా కనిపెట్టింది? క్యారమ్ ఆడేవాళ్ళను, కార్డులు చేసేవాళ్ళను కూడా ఒక చుట్టు చుట్టొచ్చింది. చివరికి ఆ అనుమానం తిరిగి తిరిగి వచ్చి, తన పక్క కుర్చీలో కూర్చున్న మనిషి మీద వాలింది.

పక్క కుర్చీలో మరదలు ఉంది. స్వయానా ఆయన చెల్లెలు.

ఇద్దరూ ఒంటరివాళ్ళే అయ్యాక, చెప్పుల దుకాణం మీదున్న రెండు గదుల వాటాలో ఒకచోట చేరారు. మరదలు పెట్టె పట్టుకుని వచ్చిన రోజున తాళాలమ్మ బీరువా తాళంచెవి తీసి బల్లమీద పడేసి, "ఈ ఇంట్లో మనిద్దరి మధ్యా తాళాల్లేవు" అంది. అంత మాట ఆవిడ నోటివెంట రావడమే గొప్ప. దానికి మరదలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఒక్కటి చెప్తా వదినా. మా అత్తారింట్లో చెంచా పోయినా నా పెట్టే వెతికేవాళ్ళు. దొంగముండ అన్న మాట పడీ పడీ ఉన్నాను. నువ్వు నామీద కోప్పడు, తిట్టు, పడతాను. అనుమానించిన రోజున మాత్రం ఉండను. మా పిన్ని కూతురు రమ్మని ఎప్పటినుంచో పిలుస్తోంది, వెళ్ళిపోతాను" అంది. నవ్వుతూనే అంది గానీ ఉత్తిమాట కాదు.

అప్పటినుంచీ తాళాలమ్మ ఆ ఒక్క మనిషి దగ్గర తన చూపును మడిచి దాచుకుంది. పొద్దున్నే ఇద్దరికీ టీ. సాయంత్రం గదిలో పజిల్. ఇంటికొస్తూ దారిలో కనబడిన ప్రతివాళ్ళమీదా చెణుకులు. ఆయన పోయాక ఆ ఇంట్లో మళ్ళీ నవ్వు వినబడింది మరదలి వల్లే. ఆవిడ లేకపోతే ఆ రెండు గదులూ ఏమైపోతాయో తాళాలమ్మకు బాగా తెలుసు.

అయినా కనబడినదాన్ని కనబడలేదని ఎలా అనుకుంటుంది? మరదలి కుట్టుపెట్టె ఎప్పుడూ నోరు తెరుచుకుని సోఫా మీద పడుండేది. ఈమధ్య మూసి ఉంటోంది. వదిన గదిలోకి రాగానే ఆవిడ చెయ్యి మూత మీదకు వెళ్తోంది. పైగా కూనిరాగం తీస్తోంది. ఏమీ లేనప్పుడు మనిషి ఊరికే కూనిరాగం తియ్యదని తాళాలమ్మ నమ్మకం. స్టోర్సులో సబ్బులు కోటు జేబులో వేసుకున్న వార్డుబాయిలందరూ పాడుకుంటూనే బయటికి వెళ్ళేవాళ్ళు.

ఆరోజు సాయంత్రం డ్రైవరుగారు బల్ల మీద చరిచి లేచాడు. "ఇక నావల్ల కాదు. రేపు అందరి సంచులూ ఈ బల్లమీద బోర్లించాల్సిందే. నా సంచితోనే మొదలెడదాం. తాళాలమ్మగారే వెతుకుతారు. ఏమంటారు?"

"అలాగే" అంది తాళాలమ్మ. ఇంకేమంటుంది?

మరదలు తలెత్తలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చుంది. అది ఎంతకీ ఎక్కలేదు.

ఇంటికొచ్చాక, మరదలు వంటింట్లో టీ పెడుతుంటే, కిటికీ ముక్కను వేరేచోట దాచేద్దామని తాళాలమ్మ కళ్ళజోడు పెట్టె తెరిచింది. గుడ్డ ఎత్తింది. గుడ్డ కింద ఏమీ లేదు. పెట్టె దులిపింది, సంచి దులిపింది, కోటు జేబులు తిరగేసింది. లేదు.

సంచి తన చంక దిగదు, దిగితే ఇంట్లోనే దిగుతుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

"వదినా, టీ" అంటూ మరదలు కప్పు అందించింది. మొహంలోకి చూడకుండా అందించింది. తాళాలమ్మ కూడా చూడకుండానే పుచ్చుకుంది. ఆ టీ వేడిగా ఉందో చల్లగా ఉందో కూడా ఆవిడకు తెలియలేదు. తలలో ఒకటే ఆలోచన. మరదలు నా సంచి ఎందుకు వెతికినట్టు? తీసింది సరే, నన్నెందుకు అడగనట్టు? రేపు నలుగురిలో, "ఇదిగో, మా వదిన పెట్టెలో దొరికింది" అని తీసి చూపించడానికా? ఎప్పుడో పెళ్ళైన కొత్తల్లో తను ఆడపడుచును ఏదో అన్న మాట, ఆవిడ మూతి ముడుచుకున్న తీరు, అన్నీ వరసపెట్టి గుర్తొచ్చాయి. అనుమానానికి ఒక్కసారి తలుపు తీస్తే చుట్టాలందరినీ వెంటేసుకుని వస్తుంది.

మర్నాడు పొద్దున్న మరదలు పాలకోసం కిందికి దిగింది. తాళాలమ్మ సోఫా దగ్గరకు వెళ్ళి నిలబడింది. తను ఇచ్చిన మాట గుర్తుంది. గుర్తుండగానే కుట్టుపెట్టె మూత ఎత్తింది. దారపుండలు, కత్తెర, బొత్తాల డబ్బా. డబ్బా కింద, ఓరగా తెరిచిన తలుపు.

కిటికీ మాత్రం అందులో లేదు.

అంటే నా కిటికీ ఒంటిమీదే పెట్టుకుని తిరుగుతోందన్నమాట, అనుకుంది తాళాలమ్మ. ఒళ్ళు మండింది. ఆ మంట వెనకే భయం వచ్చింది. ఈ తలుపు ఇక్కడే ఉంటే సాయంత్రం అందరి ముందూ బల్లమీద రాలుతుంది. డ్రైవరు నోటికి అడ్డూ ఆపూ లేదు. ఒక్క మాట అంటాడు, మరదలు పెట్టె సర్దుకుంటుంది. పోనీ ముందే అడుగుదామంటే, "నా పెట్టె వెతికావా వదినా?" అంటుంది. అప్పుడూ పెట్టె సర్దుకుంటుంది. ఎటు చూసినా ఈ ఇల్లు ఖాళీ అవడమే కనబడింది. మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఆవిడ ఆ ముక్కను చేతిరుమాల్లో ముడివేసి కోటు లోపలి జేబులో తోసేసింది. కాపాడటానికి తీసిందా, కక్షకొద్దీ తీసిందా అని ఎవరైనా అడిగితే ఆ నిమిషంలో ఆవిడ దగ్గర జవాబు లేదు.

సాయంత్రం ఇద్దరూ గదికి నడిచారు. తడి ఆకులు చెప్పులకు అంటుకుంటున్నాయి. మామూలుగా అయితే ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని నడిచేవాళ్ళు. ఆరోజు ఎవరి సంచి వాళ్ళు పట్టుకున్నారు.

గదిలో క్యారమ్ ఆపేశారు. అందరూ బల్ల చుట్టూ చేరారు. బొమ్మంతా పూర్తయినట్టే ఉంది. నడిబొడ్డున ఇంటికి మాత్రం తలుపు దగ్గరా కిటికీ దగ్గరా రెండు కంతలు. డ్రైవరుగారు తన సంచి బోర్లించాడు. ఫ్లాస్కు, మఫ్లరు, నలిగిన పేపరు. "చూశారుగా!" అని రొమ్ము విరిచాడు. పాటల టీచరు సంచిలోంచి ఊలు ఉండలు బల్లంతా దొర్లాయి, దగ్గుబిళ్ళలు రాలాయి.

"ఇప్పుడు తాళాలమ్మగారిది. పద్ధతంటే పద్ధతే, ఏమనుకోకండి" అంటూ ఆయన ఆవిడ సంచికి చెయ్యి చాచాడు.

"ఆగండి" అంది మరదలు.

లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడబోయింది. "మా వదిన సంచి ముట్టుకోకండి. కిటికీ ముక్క నేను తీశాను." జేబులోంచి ఆ పసుపు వెలుగు తీసి బల్లమీద పెట్టింది.

రాత్రంతా తాళాలమ్మ ఏమనుకుంది! నలుగురిలో నిలబెట్టడానికి తీసిందనుకుంది. సంచులు వెతుకుతారని తెలిసి, వదిన సంచిలో దొరక్కూడదని తీసింది ఈ పిచ్చిది. దొంగ అన్న మాటకు ఇల్లు విడిచిపోతానన్న మనిషి, ఆ మాటను తనే నెత్తికెత్తుకుని నిలబడింది.

"మీరా?" అన్నాడు డ్రైవరు. "మరి తలుపు?"

"అదీ... అదీ ఇస్తాను" అంటూ మరదలు కుట్టుపెట్టె తెరిచింది. బొత్తాల డబ్బా ఎత్తింది. అక్కడ ఏమీ లేదు. దారపుండలు పక్కకు తోసింది. పెట్టె అడుగంతా వేళ్ళతో తడిమింది. మొహం పాలిపోయింది. "ఇక్కడే పెట్టాను..."

"బాగుందమ్మా! తాళాలమ్మగారూ, ఇంట్లో దొంగను పెట్టుకుని మాచేత కార్పెట్ ఎత్తించారా?" అన్నాడు డ్రైవరు.

ఆ మాట పడగానే మరదలు ఇక వెతకలేదు. ఒక్కొక్క దారపుండా తీసి పెట్టెలో వరసగా పేర్చడం మొదలుపెట్టింది. తొందర లేకుండా, చాలా శుభ్రంగా. మళ్ళీ ఇటు రానక్కర్లేనివాళ్ళు సర్దుకునే పద్ధతి అది. ఇంకెవరికీ తెలియలేదు గానీ తాళాలమ్మకు తెలిసింది. నోరు విప్పకపోతే తన పరువు తనకుంటుంది, గది తాళంచెవీ తనకే ఉంటుంది. ఇంటికి వెళ్ళాక పెట్టుకోవడానికి ఒక్క కప్పు టీ మాత్రమే ఉంటుంది.

ఆవిడ చేతిరుమాలు తీసి ముడి విప్పింది. తలుపు ముక్కను కిటికీ పక్కన పెట్టింది.

"దొంగను నేను" అంది. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "కిటికీ తీసింది నేనే. తలుపు తీసిందీ నేనే. దాని మొహం చూసి మీకు దొంగలా కనిపించిందేమో గానీ, నా కళ్ళకు మాత్రం నా దొంగతనం మోస్తున్న పిచ్చిదానిలా కనబడుతోంది. అనేదేదో నన్ను అనండి."

మరదలు తల తిప్పి చూసింది. తన పెట్టెలో ఉండాల్సిన తలుపు వదిన రుమాల్లోంచి ఎలా వచ్చిందో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు. వదిన తన పెట్టె వెతికింది. తను మాత్రం వదిన సంచి వెతకలేదా?

డ్రైవరుగారికి నోట మాట రాలేదు. వచ్చాక ఆగలేదు. "మీరా! తాళం మీ చేతిలో పెట్టాం కదండీ! పుల్లపెట్టి హీటరు వెనక కెలికించారు కదండీ!"

"కెలికించాను. తప్పే." ఆవిడ గది తాళంచెవి తీసి బల్లమీద పెట్టింది.

పాటల టీచరు నెమ్మదిగా అంది: "అవన్నీ తర్వాత. ముందు ఆ ముక్కలు పెట్టెయ్యండి, గంట కొట్టేద్దాం."

తాళాలమ్మ కిటికీ పెట్టింది. మరదలు తలుపు పెట్టింది. ఇంట్లో దీపం వెలిగింది. అందరూ గంట వైపు తిరిగారు గానీ పాటల టీచరు తిరగలేదు. సోడాబుడ్డి కళ్ళద్దాలు బల్లకు ఆనించి, "ఇదేమిటీ, ఈ చెట్టు కింద ఇంకో కంత ఉందే!" అంది. రాలిన ఆకుల మధ్య, బల్ల చెక్క రంగులో కలిసిపోయి, నిజంగానే ఇంకో కంత ఉంది.

తాళాలమ్మలో ఆ పాత చూపు ఒక్కసారి మేలుకుంది. అది బల్ల చుట్టూ తిరగనక్కర్లేకుండా తిన్నగా వెళ్ళి, చెమటతో మెరుస్తున్న ఒక నుదుటి మీద ఆగింది.

"డ్రైవరుగారూ, టోపీ తియ్యండి."

"చలండీ..."

"హీటరు పక్కనేనా? తియ్యండి."

ఆయన తీశాడు. బట్టతల మీద, చెమటకు అతుక్కుపోయి, ఎర్రాకుల బొమ్మున్న పజిల్ ముక్క ఒకటి ఉంది. గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంక చూడండి, క్యారమ్ వాళ్ళు కూడా పొట్టలు పట్టుకున్నారు. "పోయినేడు గంట కూడా ఇలాగే కొట్టారన్నమాట!" అని ఎవరో అంటే, ఆయన టోపీ చేతిలో తిప్పుకుంటూ, "సంచులు వెతుకుదామన్నాను గానీ టోపీలు అనలేదు కదా" అని గొణిగాడు. బల్లమీది తాళంచెవిని ఆయనే మెల్లగా తాళాలమ్మ వైపు నెట్టాడు.

ఆ ఏడాది చివరి ముక్క పాటల టీచరు పెట్టింది. ఆ బల్ల దగ్గర ఏమీ తియ్యనిది ఆవిడ ఒక్కతే అని తేలింది కాబట్టి. గంట కూడా కసితీరా కొట్టింది, కింద చదువుకునేవాళ్ళు పరుగెత్తుకుంటూ పైకి వచ్చేదాకా.

ఇంటికి వచ్చేటప్పుడు కూడా ఎవరి సంచి వాళ్ళే పట్టుకున్నారు. మరదలు లోపలికి వెళ్ళింది. ట్రంకుపెట్టె లాగుతున్న చప్పుడు వస్తుందేమోనని తాళాలమ్మ గుమ్మంలోనే నిలబడి చెవులప్పగించింది. వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు వచ్చింది. కాసేపటికి రెండు కప్పుల టీ వచ్చింది.

"నా పెట్టె వెతికావు" అంది మరదలు కూర్చుంటూ.

"వెతికాను. నిన్ను అనుమానించాను కూడా. నువ్వు చెప్పిన మాట గుర్తుంది. వెళ్తానంటే ఆపే మొహం లేదు నాకు." తాళాలమ్మ బల్లమీదకు వంగింది. "వెళ్ళొద్దే."

మరదలు కప్పులోకి ఊదుకుంది. "నీ సంచి నేనూ వెతికానుగా. ఆ డ్రైవరు సంచులు చూద్దామంటాడని ముందే అనిపించింది. వాడి మొహం చూస్తే తెలియట్లేదూ? మొన్న సాయంత్రం నా ముక్క ఎక్కడైనా దాచిపెడదామని చోటు వెతుక్కుంటూ నీ కళ్ళజోడు పెట్టె తీశాను. నీ దాంట్లో అయితే ఎవరూ చూడరని. చూస్తే నాకంటే ముందు నువ్వే దాచుకున్నావు."

తాళాలమ్మకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "నీకెందుకే ఆ తలుపు?"

"చివరి ముక్క నాది వదినా. చిన్నప్పట్నుంచీ. అన్నయ్య అంతా పేర్చి, ఒకటి దాచేసి, పోయిందే పోయిందే అని నన్ను ఇల్లంతా తిప్పేవాడు. చివరికి నా పాలగ్లాసు కింద ఉండేది."

తాళాలమ్మ కప్పు కింద పెట్టింది. ఇన్నేళ్ళూ అది తన ఒక్కదాని సొత్తనుకుంది. ఎక్కడో చివుక్కుమంది. చచ్చిపోయిన మనిషి మీద, ఎప్పుడో పిల్లప్పుడు పాలు తాగిన మరదలి మీద, ఈ వయసులో అసూయ పుట్టింది. ఆ మాటే పైకి అనేసింది. "నాకొక్కదానికే చేశారనుకున్నాను."

"నాకు పెళ్ళై వెళ్ళిపోయే రోజున ఏడ్చాను. ఇక చివరి ముక్క ఎవరికిస్తావు అన్నయ్యా అని. నీకు వదిన వస్తుందిగా, తనకి ఇస్తానన్నాడు. అప్పట్నుంచీ నువ్వంటే నాకు కోపం. నీ మొహం కూడా చూడకముందే." మరదలు మొహం తుడుచుకుంది. "మొన్న నీ పెట్టెలో ఆ ముక్క చూశాక తెలిసింది, అన్నయ్య మాట నిలబెట్టుకున్నాడని. ఇంక నీ సంచి వాళ్ళచేత ఎలా ముట్టుకోనిస్తాను?"

కిటికీ అద్దానికి ఒక తడి ఆకు వచ్చి అతుక్కుంది. కింద చెప్పుల దుకాణం మూస్తున్న చప్పుడైంది. ఇద్దరూ టీ తాగేశారు. ఎవరూ దీపం వెయ్యడానికి లేవలేదు.

కాసేపటికి తాళాలమ్మే లేచి, తన కప్పూ సాసరూ తీసుకెళ్ళి కుళాయి పక్కన పెట్టింది. ఆనక, ఎందుకైనా మంచిదని, సాసరు ఎత్తి కింద చూసింది. ఏమీ లేదు. సిగ్గేసి, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగింది. బల్ల దగ్గర మరదలు తన సాసరు ఎత్తి చూస్తోంది.